బదులు తెచ్చే హంస

మనసుపడిన మనిషికి ఒక ప్రేమ కవిత వినిపించాలనుకుంటే ఏది ఎంచుకోవాలి? ఈ పూట మాట్లాడుకోబోయేది ఆ విషయమే. ఇది పడుచువాళ్ల ముచ్చట, దీనికి ప్రసంగం దాకా ఎందుకని ఎవరికైనా అనిపిస్తే, ఒకనాడు ఇది రాజు చేసిన పని అని గుర్తు చేయాలి. శాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పుకునే గాథాసప్తశతి చాలావరకు ప్రేమ కవితల ఎంపికే. కోటి గాథల్లోంచి 700 మాత్రం ఏరినట్టు ఆ పుస్తకంలోనే ఒక గాథ చెబుతుంది. కోటి అన్నది లెక్కకట్టి చెప్పిన మాట కాకపోవచ్చు. తీసుకున్నవాటి కంటే వదిలేసినవే జాస్తి అని మాత్రం దానివల్ల తెలుస్తుంది. భాష ప్రాకృతమే అయినా అందులోని పల్లెలూ పొలాలూ గోదావరి గట్లూ మనకు తెలిసినవే. శ్రీనాథుడు పడుచుతనంలోనే దాన్ని తెలుగు చేశానని చెప్పుకున్నాడు. ఆ తెలుగు పుస్తకం మనదాకా రాలేదు. పోయిన శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మళ్లీ కొన్ని గాథలు ఏరుకుని తెలుగు పద్యాలుగా చేశారు. ఒకే రాశిలోంచి ఒకరి తరవాత ఒకరు ఏరుకుంటూనే వచ్చారన్నమాట. రాయడం ఎంత పనో ఏరడమూ అంత పనేనని వాళ్లు అనుకోకపోతే ఇన్నిసార్లు ఈ శ్రమ పడేవాళ్లు కారు.

మామూలుగా మనం కవితను ఎంచుకునే తీరు వేరు. పేరున్న కవిదైతే చాలనుకుంటాం. లేదా అలంకారాలు దండిగా ఉన్నది వెతుకుతాం. లేదా మన గుండెలోని మంటను ఎంత పెద్దదిగా చూపిస్తే అంత మంచిదనుకుంటాం. ఈ మూడూ పంపేవాళ్ల వైపు నుంచి వేసే లెక్కలు. వినే మనిషికి వీటిలో చోటు లేదు. నేను చెప్పదలచుకున్న కొలత ఒక్కటే: ఆ కవిత విన్నాక ఎదుటి మనిషి దానికి బదులు చెప్పగలరా? బదులు అనే మాటకు జవాబు అనే అర్థమూ ఉంది, చేబదులు అన్నప్పుడు ఇచ్చిపుచ్చుకోవడం అనే అర్థమూ ఉంది. కవిత పంచుకోవడంలో ఈ రెండూ కలిసే ఉంటాయి. ఇచ్చినది ఏదో ఒక రూపంలో తిరిగి రావాలి. బదులుకు చోటు లేని కవిత ఎంత గొప్పదైనా సభలో చదవడానికి బాగుంటుందేగాని, ఇద్దరి మధ్య పెట్టుకోవడానికి పనికిరాదు.

ఈ కొలత నేను కల్పించినది కాదు. నలదమయంతుల కథలోని హంసను చూడండి. శ్రీహర్షుడు సంస్కృతంలో రాసి, శ్రీనాథుడు శృంగార నైషధంగా తెలుగు చేసిన కావ్యంలో ఆ హంస చేసే పని మామూలు రాయబారం కాదు. మొదట అది దమయంతిని చెలికత్తెల గుంపు నుంచి విడిగా తీసుకుపోతుంది. నలుగురి ముందు చెప్పే మాట కాదని దానికి తెలుసు. తరవాత నలుడి సంగతి చెబుతుంది. అంతటితో ఆగితే అది వందిమాగధుల పొగడ్తే అయ్యేది. కానీ ఆగదు, ఆమె మనసేమిటని అడుగుతుంది. దమయంతి సిగ్గుపడి, రెండర్థాలు వచ్చే మాటలతో తన కోరికను చుట్టిపెట్టి చెబుతుంది. హంస తెలివైనది, ఆ చుట్టు విప్పుకోగలదు. అయినా విప్పుకున్నదాన్ని నమ్ముకుని ఎగిరిపోదు. తేటగా తెలియని మాట పట్టుకుని రాజు దగ్గరికి పోలేనని, ఆమె చేతనే విడమరిచి చెప్పించుకుని గాని కదలదు. పంపినవాడి గొప్పలు చెప్పి రావడంతో ఆ హంస పని తీరిపోలేదు. విన్న మనిషి సొంత నోటితో చెప్పిన మాట వెనక్కి తేవడం దాకా అది తన బాధ్యతే అనుకుంది. మనం ఎంచుకునే కవిత కూడా ఇలాంటి హంస కావాలి.

మన చిత్తూరు సీమలో రామకుప్పం, కుప్పం చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఈ ఎంపికలో ఒక వసతి ఉంది. ఇటు తమిళనాడు, అటు కర్ణాటక. ఒకే సంతలో మూడు భాషలు వినబడతాయి. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టడానికి ఈ కలయిక కంటే తగిన కారణం అక్కర్లేదు. కాబట్టి ఇక్కడివాళ్లు మూడు కవిత్వాల గంపల్లోంచి ఏరుకోవచ్చు. తమిళంలో కుఱుంతొగై అనే సంకలనం ఉంది. సుమారు 400 చిన్న కవితలు. ఎక్కువ భాగం నాలుగు నుంచి ఎనిమిది పాదాల లోపు. సంగకాలపు ఈ ప్రేమ కవితలను అకం కవితలంటారు. అకం అంటే లోపలిది. వీటికి ఒక నియమం ఉంది: ప్రేమికుల పేర్లు చెప్పకూడదు. రాజైనా గొర్రెలకాపరి అయినా వాళ్లు ఉత్త ఒక అబ్బాయి, ఒక అమ్మాయి మాత్రమే. ఆ పేరులేనితనం వల్లనే రెండు వేల ఏళ్ల తరవాత కూడా వాటిలో ఎవరైనా తమ పేరు పెట్టుకోవచ్చు. ఇంకో సంగతి నాకు మరింత ముఖ్యంగా తోస్తుంది. ఆ కవితల కింద పూర్వులు ఒక చిన్న వివరం చేర్చిపెట్టారు. ఇది ఎవరు, ఎవరితో, ఏ సమయంలో అన్న మాట అని. నాయిక చెలికత్తెతో అన్నది, చెలికత్తె నాయకుడితో అన్నది, పెంచిన తల్లి తనలో తాను అనుకున్నది, ఇలా. ఎవరు ఎవరితో అంటున్నారో తెలియకుండా ప్రేమ కవిత పూర్తిగా అర్థం కాదని వాళ్లు గట్టిగా నమ్మారు.

అకం కవితల్లో కొండసీమను కుఱింజి అంటారు, అది కలయికకు గుర్తు. అడవి పచ్చికలు ఓపికగా ఎదురుచూడటానికి, మాగాణి పొలాలు అలకకు, సముద్రతీరం బెంగకు, ఎండిన నేల ఎడబాటుకు గుర్తులు. కుఱింజి కవితల్లో తరచుగా వచ్చే ఒక సన్నివేశం ఉంది. అతను రాత్రిపూట అడవి దారిన ఆమెను కలవడానికి వస్తుంటాడు. దారిలో ఏనుగులు తిరుగుతుంటాయి. అతను రావాలని ఆమెకు ఆశ, రావద్దని భయం. ఈ రెంటి మధ్య ఆమె మాట్లాడుతుంది. పట్నంలో చదివేవాళ్లకు ఇది పుస్తకంలోని అందం. రామకుప్పం మండలంలో అలా కాదు. 1980లలో పక్క రాష్ట్రాల అడవుల నుంచి వచ్చి కౌండిన్య అభయారణ్యంలో నిలిచిపోయిన ఏనుగులు ఇప్పటికీ పొలాల మీద పడుతున్నాయి. రాత్రి కాపలాకు మొగుడు పోతే తెల్లారేదాకా కన్ను మూయని ఆడమనిషికి ఆ పాత తమిళ కవిత ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఆమె దానికి బదులు చెప్పగలదు. పోవద్దనో, జాగ్రత్తగా పొమ్మనో, పోయిన వారం తనకు కలిగిన భయమో చెబుతుంది. కవిత గొప్పది కావడం వల్లనే కాదు, ఆమె బతుకులోకి ఒక తలుపు ఉన్న కవిత కావడం వల్ల ఇది జరుగుతుంది.

తలుపు ఉందో లేదో తెలుసుకోవడానికి మొదట చూడాల్సింది కవితలో మాట్లాడుతున్న గొంతు. తెలుగులో ఇది మరీ జాగ్రత్తగా చూడాలి. ఎందుకంటే మన ప్రేమ కవిత్వంలో పెద్ద భాగం మగవాళ్లు ఆడగొంతుతో రాసింది. అన్నమయ్య సంకీర్తనల్లో రాగిరేకుల మీద మిగిలినవాటిలో ఎక్కువ శాతం శృంగార సంకీర్తనలే. వాటిలో చాలాచోట్ల మాట్లాడేది అలమేలుమంగ లేదా ఆమె చెలికత్తె. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడిని పిలిచేవాళ్లు, దెప్పేవాళ్లు, తలుపు వేసేవాళ్లు, తీసేవాళ్లు అందరూ స్త్రీలే. మన చిత్తూరు సీమలోనే కార్వేటినగరంలో వేణుగోపాలుడి పేరుతో పదాలు కట్టిన సారంగపాణి, వీధిలో వాడే మాటలను, సామెతలను తెచ్చి పదంలో పెట్టాడు. ఈ పదాల్లో ఎన్నో అలిగిన స్త్రీ మాటలు. రాత్రంతా ఇంకొకరింట గడిపి పొద్దున్నే వచ్చినవాడితో అనేవి. కొన్నిట్లో మాట్లాడేది వేశ్య, లెక్క ఖచ్చితంగా అడిగే మనిషి. రాగం బాగుందని, పల్లవి తియ్యగా ఉందని అలాంటి పదం ఒకటి పెళ్లి కుదిరిన అమ్మాయికి పంపితే ఏమవుతుంది? అది నువ్వు నన్ను మోసం చేశావన్న మాట అవుతుంది. లేదా నేను మోసం చేసి వచ్చానన్న ఒప్పుకోలు అవుతుంది. రెండూ పంపినవాడి ఉద్దేశం కాదు. తప్పు పదానిది కాదు, గొంతు చూసుకోకుండా పంపినవాడిది.

అదే పదం పెళ్లయి పదేళ్లు గడిచిన జంట మధ్య వేరే పని చేస్తుంది. ఆమె దాన్ని పాడి వినిపిస్తే అందులో అలక ఉంటుంది, చనువు ఉంటుంది, నిజంగానే అడగాలనుకున్న ఒక ప్రశ్నను నవ్వులో పెట్టి అడిగే వీలు ఉంటుంది. అలక కవితలు మనకు అంత విరివిగా ఎందుకున్నాయో ఆలోచిస్తే, వాటికి ఎప్పుడూ ఒక బదులు తప్పనిసరి కావడమే కారణమనిపిస్తుంది. పొగడ్త విన్నవాళ్లు ఊరుకోవచ్చు. అలక విన్నవాళ్లు ఊరుకోలేరు. కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనము మొత్తం ఈ పునాది మీదే నిలబడింది. ఇళ అనే అమ్మాయికి కృష్ణుడితో పెళ్లి చేసిన రాధే, తరవాత ఆ బాధ ఓర్చుకోలేక కోపగించుకుంటుంది. కృష్ణుడు వచ్చి ఆమెను ఓదార్చాలి. ఆ ఓదార్పు కావ్యానికి పేరయింది. ఒకరి మాటకు ఇంకొకరి బదులు పేరుగా పెట్టుకున్న కావ్యం మనకుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇవన్నీ పచ్చి శృంగారం, వీటిని మర్యాదగల మనుషులు ఇచ్చిపుచ్చుకుంటారా అని. ఇది కొత్త అభ్యంతరం కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో రాసిన ఆ రాధికా సాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయించాక, ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. నాగరత్నమ్మ వాదన ఇప్పటికీ నాకు సరైనదిగానే తోస్తుంది. మగకవులు ఇంతకంటే విప్పి రాసినప్పుడు లేని సిగ్గు ఒక స్త్రీ రాసినప్పుడే ఎందుకు గుర్తుకు రావాలి? అయితే నేను ఇక్కడ చెప్పేది గ్రంథాన్ని చదవవచ్చా లేదా అన్నది కాదు, ఎప్పుడు ఎవరికి పంపవచ్చు అన్నది. చనువు ఎంత ఉందో దానికి ఒక అడుగు వెనకే కవిత ఉండాలి. కవిత ముందుకు పోయి మనిషి వెనకబడితే, విన్న మనిషి దానికి బదులు చెప్పలేక ఇబ్బందిలో పడతారు. బాగా దగ్గరైన జంటకు దాచుకోవాల్సిన సాహిత్యమంటూ ఏదీ లేదు. మర్యాద కవితలోని మాటల్లో కంటే, అది వినే మనిషిని ఇరకాటంలో పెడుతుందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఇంకో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. అన్నమయ్యవి దేవుడి పాటలు కదా, వాటిని మనిషికి వినిపించడం అపచారం కాదా అని. ఈ ప్రేమ భాష ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు అరువు పోయిందో చూస్తే జవాబు దొరుకుతుంది. గాథాసప్తశతిలో, సంగకాలపు అకం కవితల్లో ఉన్నది పల్లెలోని స్త్రీపురుషుల ప్రేమ. భక్తకవులు ఆ తరవాతివాళ్లు. మనిషి మనిషిని ప్రేమించే తీరు తప్ప దేవుడితో చనువును చెప్పడానికి వాళ్లకు వేరే భాష దొరకలేదు. తీసుకున్నచోటికి మాట తిరిగి రావడంలో అపచారమేమీ లేదు. కానీ ఒక చిక్కు మాత్రం ఉంది, అది భక్తికి సంబంధించింది కాదు, బదులుకు సంబంధించింది. రవీంద్రనాథ్ టాగూర్ గీతాంజలిని చలం తెలుగు చేశాక ఎందరో తెలుగువాళ్లు దాన్ని ప్రేమలేఖల్లా చదువుకున్నారు. అందులో నువ్వు అన్న పిలుపు అంత మెత్తగా ఉంటుంది. అయితే ఆ నువ్వు ఎంతో ఎత్తున ఉన్న నువ్వు. మాట్లాడేవాడు గుమ్మం బయట ఎదురుచూస్తుంటాడు. ఒక మామూలు అమ్మాయికి ఆ పీట వేస్తే ఆమె దాని మీద కూర్చుని ఏం మాట్లాడాలి? ఆరాధనకు బదులు వరమే. మనిషికి మనిషి వరాలివ్వలేరు. కాబట్టి దైవాన్ని ఉద్దేశించినవాటిలో పూజ చేసేవాటిని పక్కనపెట్టి, పోట్లాడేవాటిని, వేళాకోళమాడేవాటిని ఏరుకోవాలని నా అభిప్రాయం. అన్నమయ్యలో అవి కొరవ లేకుండా దొరుకుతాయి.

ఇదే కొలతతో చూస్తే మన భావకవిత్వంలోనూ కొంత వడపోత అవసరమవుతుంది. ఆ కవులు తెలుగువాళ్లకు ప్రేమను కొత్తగా చెప్పడం నేర్పారు, దాన్ని కాదనలేం. కానీ దేవులపల్లి కృష్ణశాస్త్రి కృష్ణపక్షంలోని దుఃఖం ఒంటరిది. ఊర్వశి అని ఆయన పిలిచిన ప్రేయసి లోకంలో ఎక్కడా ఉండే స్త్రీ కాదు. ఒంటరిగా ఉన్న రాత్రి చదువుకోవడానికి అంతకంటే మంచి తోడు లేదు. పక్కనున్న మనిషికి వినిపిస్తే మాత్రం, నువ్వు కాక ఇంకెవరో నా మనసులో ఉన్నారు అన్నట్టు వినబడుతుంది. రాయప్రోలు సుబ్బారావు తృణకంకణం స్నేహంగా మారిపోయిన ప్రేమ కథ. ఇంకొకరిని పెళ్లాడిన స్నేహితురాలిని కలిసి గడ్డిపోచ కంకణంతో ఆ స్నేహాన్ని నిలుపుకోవడం అందులోని విషయం. విడిపోయి మర్యాదగా మిగిలినవాళ్లకు అది ఎంతో విలువైన పుస్తకం. కలిసి బతకాలనుకునేవాళ్లకు కాదు. నండూరి సుబ్బారావు ఎంకి పాటలు వీటికంటే మన పనికి దగ్గర. ఎంకీ మాట్లాడుతుంది, నాయుడు బావా మాట్లాడతాడు. ఒకరు విసిరిన మాట ఇంకొకరు పట్టుకుంటారు. వాటి యాస గోదావరి, ఉత్తరాంధ్రలది. కుప్పం వైపు చెవికి కొంచెం కొత్తగా ఉంటుంది, అయినా మొదటి రెండు పాటలు దాటితే ఆ కొత్తదనం కరిగిపోతుంది. స్త్రీలే తమ గొంతుతో రాసినవి వెతుకుతూ 1981లో వచ్చిన రేవతీదేవి శిలాలోలిత దాకా వెళ్లినవాళ్లు అక్కడ కొంచెంసేపు ఆగాలి. ఆ కవితల్లో ఒంటరితనం నిండా ఉంది. నా మనసు నీకు పూర్తిగా తెలియలేదని చెప్పాల్సిన రోజు ఎవరికైనా వస్తే, ఆ రోజుకు దాచుకోవాల్సిన పుస్తకమది.

సరిహద్దు దాటి కన్నడం వైపు చూస్తే మనకు దీటుగా చెప్పుకోవడానికి లేని ఒక సంగతి కనబడుతుంది. కె.ఎస్. నరసింహస్వామి 1942లో మైసూరు మల్లిగె అనే కవితల పుస్తకం వేశారు. అందులో ఉన్నది పెళ్లయిన జంట ప్రేమ. పుట్టింటికి పోవడం, అత్తగారింటి మర్యాదలు, చిన్న సంసారంలోని లేమి, కొత్త పెళ్లికూతురు బెరుకు. కన్నడనాట ఆ పుస్తకాన్ని పెళ్లిళ్లలో కానుకగా ఇచ్చే అలవాటు పుట్టింది, పదేపదే అచ్చయింది. ఒక కవితల పుస్తకం స్టీలు బిందెల సరసన కట్నాల్లోకి చేరిందంటే దాని కారణం ఆలోచించాలి. అందులో ఎవరూ ఎవరినీ చంద్రుడి దాకా ఎత్తరు. వంటింటి పక్కన నిలబడి చెప్పగలిగే మాటలున్నాయి కాబట్టి, వంటింటి పక్కన నిలబడే వాటికి బదులు చెప్పవచ్చు. వీ కోట నుంచి కోలారుకో, రామకుప్పం నుంచి బంగారుపేటకో పిల్లనిచ్చి పుచ్చుకునే కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. ఒకరు కన్నడం చదవగలిగి, ఇంకొకరు తెలుగులో అర్థం అడిగే ఇంట్లో ఆ పుస్తకం ఇంకా బాగా పనిచేస్తుంది. అర్థం అడగడం, చెప్పడం కూడా బదులే కదా.

ఇంత పుస్తకాల వెతుకులాట ఎందుకు, సొంత మాటల్లో చెబితే పోదా అంటారు కొందరు. ఈ అభ్యంతరానికి బలముంది. సొంత మాట రాగలిగినవాళ్లు తప్పకుండా సొంత మాటే చెప్పాలి. అయితే సొంత మాటకు ఒక ఇబ్బంది ఉంది. నిన్ను ప్రేమిస్తున్నాను అని ఎదురుగా అన్నప్పుడు, విన్న మనిషికి అవుననడం, కాదనడం తప్ప దారి లేదు. కవిత మూడో మనిషిలా మధ్యలో కూర్చుంటుంది. ఆ కవితలోని అమ్మాయి అలా అని ఉండాల్సింది కాదు అని ఆమె అనవచ్చు. నాకు ఈ పోలిక నచ్చలేదని అతను అనవచ్చు. కవిత గురించి మాట్లాడుతున్నట్టే మాట్లాడుతూ తమ గురించి చెప్పుకోవచ్చు. అకం కవితల్లో చెలికత్తె చేసే పని ఇదే. అడగలేని మాట ఆమె అడుగుతుంది, చెప్పలేని మాట ఆమె నోట వస్తుంది. పరాయివాళ్ల మాట అరువు తెచ్చుకోవడం అందుకే. మన నోరు మూయడానికి కాదు, రెండు నోళ్లూ తెరుచుకోవడానికి.

ఇంకొందరు అంటారు, ఇన్ని లెక్కలు వేసి పంపితే అందులో ప్రేమ ఎక్కడ మిగులుతుందని. మదనపల్లె నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద నేసిన పట్టుచీర కొనాలనుకోండి. ఆమె ఒంటి రంగు, ఆమె కట్టుకునే వేళ, ఆమెకు నచ్చని రంగు గుర్తు చేసుకుంటూ పది చీరలు విప్పించి చూస్తాం. అంతసేపు చూసినందుకు ఆ చీర మీద ఎవరూ తక్కువ ప్రేమ ఉందనుకోరు. ఎంపికలో గడిపిన సమయమంతా ఆ మనిషి తలపులోనే గడిచింది. చేతికి దొరికింది పంపడంలో ఆ తలపు లేదు. ఏ అర్ధరాత్రో ఫోన్‌లో కనబడిన నాలుగు వరసలను నలభైమందికి పోయినట్టే ఆమెకూ పంపితే, అవి ఆమెకు పంపినవి అని ఆమె నమ్మాల్సిన పని లేదు.

సినిమా పాట ఉండగా పద్యాలెందుకన్నది ఇంకో మాట. సినిమా పాటను చిన్నచూపు చూడటం నాకు ఇష్టం లేదు. ఇప్పుడు తెలుగువాళ్లలో ఇద్దరి మధ్య తిరిగే ప్రేమ కవిత్వంలో ఎక్కువ భాగం అదే. అదే కృష్ణశాస్త్రి 1951లో మల్లీశ్వరికి పాటలు రాసినప్పుడు ఏం జరిగిందో చూడండి. రాణివాసంలో నాయిక, బయట నాయకుడు. మేఘాన్ని రాయబారం పంపే పాటలో ఇద్దరి గొంతులూ వినబడతాయి. ఆమె అన్నదానికి అతను, అతనన్నదానికి ఆమె. పుస్తకంలో ఒంటరిగా కన్నీళ్లు పెట్టుకున్న కవే, ఇద్దరు మనుషుల మధ్య మాట పెట్టమన్నప్పుడు బదులు తెచ్చే మేఘాన్ని సృష్టించాడు. సినిమా పాటకు ఎప్పుడూ ఒక సందర్భం ఉంటుంది, దర్శకుడు చెప్పి రాయించుకున్నది. ఆ సందర్భాన్ని గుర్తుంచుకుని ఎంచుకుంటే పాట మోసం చేయదు. వద్దు వద్దంటున్న అమ్మాయి వెంట పడే పాటలు కూడా మన సినిమాల్లో దండిగా ఉన్నాయి. రాగం ఎంత బాగున్నా అవి బదులు వినని పాటలు. అమ్మాయి కాదన్న మాటను పల్లవి కింద తొక్కేసే పాటలు. వాటిని పంపకుండా ఉండటం మర్యాద.

పాత తెలుగు అర్థం కాదు కదా అన్నదానికి జవాబు క్లుప్తంగా చెబుతాను. చిత్తూరు కట్టమంచి రామలింగారెడ్డి 1914లో కవిత్వతత్త్వ విచారములో ప్రబంధకవుల మీద వేసిన నేరం కఠినపదాల గురించి మాత్రమే కాదు, భావం లేని వర్ణనల బరువు గురించి. ఆ నేరం నేటికీ మన ఎంపికకు పనికొస్తుంది. నిఘంటువు తీయాల్సి వచ్చినా ఒక మనసు కనబడితే ఆ పద్యాన్ని ఉంచుకోవచ్చు, పక్కన కూర్చుని విప్పి చెప్పవచ్చు. కనుబొమలకు విల్లు, నడకకు ఏనుగు అని అంగాంగమూ లెక్కపెట్టిన పద్యంలో మాటలన్నీ తెలిసినా మనసు కనబడదు. అలా వర్ణించబడిన మనిషి బొమ్మలా కూర్చుని ఉండాలేగాని, తిరిగి ఏమీ అనడానికి వీల్లేదు.

పొడవు సంగతి కూడా చూసుకోవాలి. గాథ రెండు వరసలు, కుఱుంతొగై కవిత సాధారణంగా ఎనిమిదికి మించదు. ఇది ఊరికే జరిగింది కాదు. కుప్పం స్టేషన్‌లో తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కి, 100 కిలోమీటర్లు పోయి పనిచేసి రాత్రికి తిరిగివచ్చేవాళ్లు ఈ వైపు ఎందరో ఉన్నారు. అక్కడే గది తీసుకుని వారానికో నెలకో వచ్చేవాళ్లు ఇంకొందరు. ఎడబాటు ఈ ఊళ్లలో కావ్యవస్తువు కాదు, రైళ్ల టైంటేబిలు. అలాంటి జంటకు పన్నెండు పేజీల విరహం పంపితే చదవడానికి తీరిక ఎక్కడిది? రైల్లో నిలబడి చదవగలిగి, రాత్రి ఫోన్‌లో దాని మీద రెండు మాటలు అనుకోగలిగినంత ఉంటే చాలు. వీలైతే టైపు చేసి పంపడం కంటే గొంతుతో చదివి పంపడం మంచిది. తెలుగు పద్యం చెవికోసం కట్టింది. ఎక్కడ ఆగారో, ఏ మాట దగ్గర గొంతు తగ్గిందో ఎదుటి మనిషికి తెలుస్తుంది. ఆ కవితను ఎందుకు ఎంచుకున్నారో ఒక్క వాక్యంలో చెప్పండి. మొత్తం విడమరిచితే ఆమెకు అడగడానికి ఏమీ మిగలదు.

చివరగా ఒక ప్రశ్న మిగిలింది, అది అన్నిటికంటే కష్టమైనది. ఇంత చూసి ఎంచి పంపాక బదులు రాకపోతే? వెంటనే ఇంకొకటి పంపాలనిపిస్తుంది, ఇంకా గొప్పదేదో, ఇంకా దుఃఖంగా ఉండేదేదో. అది చేయకూడదు. రెండో కవిత మొదటి కవిత అడిగిన ప్రశ్నను చెరిపేస్తుంది. మూడోది వచ్చేసరికి అడగడం పోయి ఒత్తిడి మిగులుతుంది. కాదనే హక్కు లేనిచోట అవునన్న మాటకూ విలువ ఉండదు. అప్పటికే చనువున్న జంట అయితే, ఊరుకోవడం కూడా ఒక మాటే. అలసటో, ఆలోచనో, ఆ కవిత తాకిన చోటు నొప్పిగా ఉండటమో కావచ్చు. అడిగి తెలుసుకోవడానికి రేపు ఉంది. ఇంకా పరిచయమే అవుతున్నవాళ్లయితే, ఊరుకున్నవాళ్లను ఊరుకోనివ్వాలి. దమయంతి నోరు విప్పేదాకా ఆ హంస తన మాటను ఇంకా తియ్యగా చేసి మళ్లీ మళ్లీ పాడలేదు. అడగాల్సింది అడిగి, ఆమె పక్కనే నిలబడింది.